పందిపిల్లకు రక్తమెట్లు కలుగును?

జాలరిపేటలో సొరచేపలను కోయువారు కొన్నింటి గర్భమున బొడ్డుత్రాడు గల పిల్లలను చూచియుందురు. పందిపిల్లయు నట్లే మాయద్వారా సుమారు 114 దినములు పోషింపబడును. దాని రక్తకణములు మొదట సొనసంచిలోను, పిమ్మట కాలేయమునను, తుదకు ఎముకల మూలుగలోను పుట్టును. తల్లిరక్తము పిల్లరక్తముతో కలియదు. చక్కెరయు ప్రాణవాయువును మాయపొరలను దాటి చేరును. రక్తమునకు ముఖ్యమైన ఇనుమును గర్భాశయగ్రంథులు ఒక మాంసకృత్తునందు చేర్చి స్రవింపగా మాయ పీల్చుకొనును.

అయినను పుట్టునాటికి పిల్లయొద్ద నుండునది సుమారు 50 మిల్లీగ్రాములే. దినమునకు 7 కావలసియుండగా పాలవలన 1 మాత్రమే లభించును. మట్టిని త్రవ్వు పిల్లకు నేలవలన కొంత దొరకును. సిమెంటు దొడ్డిలోనిది కొలదివారములలో పాలిపోవును. కావున పుట్టిన కొలదిదినములకే ఇనుపమందు సూదితో నెక్కింతురు.

మార్గము వేరైనను, మనుష్యశిశువునకును తల్లియే ఇనుము నొసగును. కావున గర్భిణులు ఆకుకూరలను, వైద్యులిచ్చు ఇనుపమాత్రలను విడువరాదు.