వికలాంగ యువత – పునరుత్పత్తి ఆరోగ్యం

పోలియో వచ్చి కాలు చచ్చుబడిన ఆడపిల్లకు నెలసరి సరిగా వస్తుందా? పిల్లలు పుడతారా? పుడితే వాళ్లకూ ఆ కాలే వస్తుందా? మా బిజినేపల్లి దిక్కు పెండ్లి ముచ్చట్లు నడిచే ప్రతి ఇంటా ఈ మూడు ప్రశ్నలు వినబడతాయి. జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థినిగా ముందు వీటికి జవాబు చెబుతాను.

పోలియో ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు. అది కండరాలను కదిలించే నాడీకణాలను దెబ్బతీస్తుందే తప్ప అండాశయం, గర్భసంచి జోలికి పోదు. వంశపారంపర్యంగా సంక్రమించదు. ఎత్తు నుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న స్త్రీకి నడుము కింద స్పర్శ లేకపోయినా, సాధారణంగా కొన్ని నెలలకు నెలసరి తిరిగి వస్తుంది, గర్భమూ నిలుస్తుంది. అయితే ఆమెకు కాన్పు నొప్పులు తెలియకపోవచ్చు. దెబ్బ ఛాతీ పైభాగంలోనో, మెడ దగ్గరో తగిలినవారికి కాన్పు సమయంలో రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగవచ్చు. వైకల్యంతో పాటు మూర్ఛ ఉన్నవారి సంగతి వేరు. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడేవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. సోడియం వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువు మెదడుకు, వెన్నుకు హాని చేయగలదు. అంతమాత్రాన మందు మానుకోరాదు, డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. కాని ఆ మాట్లాడడమే కదా అసలు కష్టం!

మా పెద్దనాయన బిడ్డకు పుట్టుకతో చెవుడు, మాట రాదు. ఆమె నాకంటె మూడేండ్లు పెద్దది. నెలనెలా భరించలేని కడుపు నొప్పి. కిందటేడు వానకాలం నాట్లయినాక ఆమెను ఒక ఆసుపత్రికి తీసుకుపోయినం. డాక్టరు ప్రశ్నలన్నీ పెద్దమ్మను అడిగారు, జవాబులన్నీ పెద్దమ్మే చెప్పింది. చీటీ కూడా పెద్దమ్మ చేతికే ఇచ్చారు. అక్క పదో తరగతి పాసైంది, తెలుగు చక్కగా రాస్తుంది. ఒక కాగితం, పెన్ను ఆమె ముందు పెట్టాలని ఎవరికీ తోచలేదు. బయటికి వస్తుంటే అక్కడి సిబ్బందిలో ఒకామె, “ఎట్లనూ పెండ్లి కాదు గద, గర్భసంచి తీపియ్యి, పీడ పోతది” అన్నది. ఏమన్నదని అక్క నా చెయ్యి గుంజి సైగ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ముఖం నేను మరువలేను.

ఆ మాట కొత్తది కాదు. 1994లో పూణేలోని సాసూన్ ఆసుపత్రిలో, శిరూర్ ప్రభుత్వ వసతి గృహంలో ఉండే బుద్ధిమాంద్యం గల స్త్రీలకు గర్భసంచులు తీసివేశారు. నెలసరిలో శుభ్రత పాటించలేరన్నదే చెప్పిన కారణం! దేశమంతటా నిరసన లేచింది. 2009లో చండీగఢ్‌లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, స్వల్ప బుద్ధిమాంద్యం గల ఒక యువతికి గర్భస్రావం చేయించమని హైకోర్టు ఆదేశించింది. ఆమె బిడ్డను కనాలనుకున్నది. సుప్రీంకోర్టు ఆమె పక్షాన నిలిచి, బిడ్డను కనడమా మానడమా అన్న నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నది.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ హక్కు ప్రస్తావనే లేదు. 2016 చట్టంలో చేరింది. వికలాంగులకు సంతానం, కుటుంబ నియంత్రణ గురించిన సమాచారం అందాలని, వారి స్వేచ్ఛాపూర్వక సమ్మతి లేకుండా సంతానం కలగకుండా చేసే చికిత్స ఏదీ చేయరాదని దాని 10వ సెక్షన్ చెబుతున్నది. ఇక్కడ సమ్మతి అంటే తల్లిదో అన్నదో కాదు, ఆ మనిషిదే.

ఇంత చట్టం ఉన్నా, పల్లెలో అది గడప దగ్గరే ఆగిపోతుంది. వాలుదారి లేని చోట చక్రాల కుర్చీ మెట్ల కిందనే ఉంటుంది. పరీక్ష బల్ల నడుమెత్తు ఉంటే ఎవరో ఎత్తి పడుకోబెట్టాలి. ఆ ఎత్తేవాడు చాలాసార్లు మగవాడే. ఏ పిల్ల మళ్లీ వస్తుంది? 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏండ్ల వారికి ప్రత్యేక క్లినిక్కులు ఏర్పరచారు. వినలేని పిల్లకు అక్కడ చెప్పేది ఎట్లా అందాలి?

అన్నిటికీ డబ్బు అక్కరలేదు. రాయగలిగినవారికి కాగితం ఇవ్వవచ్చు. తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టవచ్చు. వరుసలో ముందుగా పిలవడం, అడ్డంకులు లేని దారి ఉండడం అదే చట్టం 25వ సెక్షన్‌లో రాసి ఉన్నవే. మీ ఇంట్లో గాని, వాడలో గాని అటువంటి వారుంటే, ఆసుపత్రికి తోడు పోయిననాడు ఈ నంబరు చెప్పి అడగండి.