నీలిపూల పింగాణీ: కొనేది చూడటానికా, వాడటానికా?

పావగడ తాలూకాలో ఈమధ్య కట్టిన ఇళ్లలో చాలావాటికి హాల్లో ఒక అద్దాల షోకేసు ఉంటుంది. ప్లాస్టిక్ పూలు, పిల్లలకు బడిలో వచ్చిన బహుమతులు, తిరుమల నుంచి తెచ్చిన పటం, వాటి మధ్య పెళ్లికి ఎవరో ఇచ్చిన టీ సెట్టు. తెల్లటి ఒంటి మీద నీలి తీగలు, పూలు. దాంట్లో టీ పోసిన వాళ్లు లేరు, పగులుతుందని భయం. ఇంకోవైపు, పింగాణీ సేకరణ అనగానే అది నవాబుల సరదా, లక్షలు పోస్తే గాని కుదరదు అనుకునేవాళ్లు ఉన్నారు. ఈ రెంటికీ మూలం ఒక్కటే: పింగాణీ చూడటానికి తప్ప వాడటానికి కాదన్న నమ్మకం. దాని చరిత్ర చూస్తే ఈ నమ్మకం నిలవదు. నీలి-తెలుపు పింగాణీని తినడానికి, తాగడానికి, ఓడల్లో వేలకు వేలు ఎగుమతి చేయడానికి చేశారు. ఇంట్లో సేకరణ పెట్టుకోవాలనుకునేవాళ్లు కూడా వాడకం నుంచే మొదలుపెట్టాలి.

అసలు అది ఎలా తయారవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. చైనాలోని జింగ్‌డెజెన్ ఊళ్లో కయోలిన్ అనే తెల్లమట్టినీ, పొడిచేసిన ఒక రకం రాతినీ కలిపి పాత్ర చేసేవారు. అది ఆరాక, ఇంకా కాల్చకముందే, కోబాల్ట్ రంగుతో కుంచె పట్టి బొమ్మ వేసేవారు. అప్పుడు ఆ గీత నీలంగా ఉండదు, మసి పూసినట్టు ఉంటుంది. దానిమీద గాజుపూత పోసి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే నీలం తేలుతుంది. అంత వేడికి తట్టుకుని నిలిచే రంగులు బహు తక్కువ. అందుకే ఎరుపూ పసుపూ కాకుండా నీలమే వందల ఏళ్లు రాజ్యమేలింది. మంచి కోబాల్ట్ మొదట్లో పర్షియా వైపు నుంచి వచ్చేది. పద్నాలుగో శతాబ్దానికి ఈ పని పూర్తిగా పట్టుబడింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ‘డేవిడ్ కూజాల’ మీద 1351 నాటి తేదీ రాసి ఉంది. పాత పనిలో కుంచె ఆగిన చోట రంగు చిక్కబడి నల్లటి చుక్కలా కనిపిస్తుంది. బొమ్మ పటం కట్టినట్టు గాజుపూత కింద ఉంటుంది కాబట్టి ఎన్ని వందలసార్లు కడిగినా చెరగదు, ఎండకు వెలవదు. ఇంత గట్టి వస్తువును బీరువాలో దాచడం దాన్ని చేసినవాళ్లకు కూడా వింతగానే ఉండేది.

ఇది మన దేశానికి ఎలా వచ్చిందో చూడండి. ఢిల్లీలో తుగ్లక్ కాలపు రాజభవనం చోట దొరికిన నీలి-తెలుపు పళ్లాలు, గిన్నెలలో కొన్నిటి మీద అవి రాజుగారి వంటశాలవని పర్షియన్ అక్షరాల్లో చెక్కి ఉంది. అంటే సుల్తాను ఇంట కూడా వాటి చోటు వంటిల్లే. కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవులో తవ్వితే చైనా పాత్రల పెంకులు బయటపడ్డాయి. అవి నీలిపూలవి కావు, ఆకుపచ్చ ఛాయ ఉన్న అంతకుముందు రకం. అయినా చైనా పాత్రలు మన తీరానికి ఎంత ముందు నుంచీ వస్తున్నాయో వాటివల్ల తెలుస్తుంది. విజయనగర రాజధాని హంపీ తవ్వకాల్లో నీలి-తెలుపు పింగాణీ పెంకులు దొరికాయి. 1565 తర్వాత విజయనగర రాజులు మకాం మార్చిన పెనుకొండ పావగడకు పొరుగూరే. చైనా సరుకు ఈ కొండల దాకా వచ్చిందని చెప్పడానికి నిదర్శనం కావాలి, అది వేరే మాట. కానీ ఈ ప్రాంతాన్ని ఏలిన కొలువుకు పింగాణీ కొత్త కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది: రాజుల సంగతి సరే, మన ఇళ్లలో పింగాణీకి పీట ఎక్కడిది? నిజమే. ఇత్తడి, కంచు, రాగి ఉన్న ఇళ్లలో పింగాణీని మట్టి కిందే జమకట్టారు, మడి వంటింటికి దూరం పెట్టారు. కొన్ని ఇళ్లలో పింగాణీ కప్పు ఉన్నా అది ‘బయటివాళ్ల’ కోసం విడిగా పెట్టినది. ఆ చరిత్ర గొప్పగా చెప్పుకోదగ్గది కాదు. కానీ అదే ఇళ్లలో ఊరగాయ జాడీకి మాత్రం అడ్డు లేదు. ఉప్పూ పులుపూ తగిలితే ఇత్తడి చిలుము పడుతుంది, జాడీ గాజుపూతకు ఏమీ కాదు. అవసరం పడినచోట ఆచారం దారి ఇచ్చిందన్నమాట. కాబట్టి మామిడికాయ జాడీ ఉన్న ఇల్లు పింగాణీకి పరాయి ఇల్లు కాదు. ఈ జాడీలు చాలావరకు స్టోన్‌వేర్, అసలు పింగాణీ అంత పలచనివి కావు. అయినా మంచి సేకరణ వాటితోనే మొదలుపెట్టవచ్చు. షోకేసులోని టీ సెట్టు కన్నా అమ్మమ్మ జాడీకే నా ఓటు.

డబ్బు, నకిలీ, పగలడం — ఈ మూడూ కలిపి అడిగే ప్రశ్న మరింత బరువైనది. పాతదని చెప్పి అమ్మే చైనా గిన్నె అడుగున ఆరు అక్షరాల ముద్ర కనిపిస్తే మురిసిపోకండి. పాత చక్రవర్తుల పేర్లను తర్వాతి తరాల పనివాళ్లు గౌరవంగా వేశారు, నేటి నకిలీదారులు లాభం కోసం వేస్తున్నారు. ముద్రవల్ల వయసు తేలదు. పాత్ర అడుగు అంచున పూత లేని వలయం ఉంటుంది, అక్కడ మట్టి రంగు, నునుపు చూడాలి. దీపానికి అడ్డం పెడితే పలచటి పింగాణీలోంచి వెలుతురు వస్తుంది, స్టోన్‌వేర్‌లోంచి రాదు. ఇంత చూసినా వయసు చెప్పడం నిపుణుల పనే. అందుకే సాధారణ కుటుంబం పాతదనం వెంట పడకపోవడం మేలు. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి చేత్తో బొమ్మ వేసిన నీలి-తెలుపు గిన్నెలు, కప్పులు వస్తాయి. అవి రోజూ వాడుకోవచ్చు. జైపూర్ నీలి పాత్రలు చూపుకు ఇంకా ముద్దుగా ఉంటాయి గాని, వాటిలో ముఖ్య సరుకు మట్టి కాదు, పలుగురాతి పిండి. తక్కువ వేడిలో కాలుస్తారు. వాటిలో వేడి పులుసు పోయవద్దు, అవి గూటికే తగినవి. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం కింద పురావస్తువు అవుతుంది, దేశం దాటించకూడదు. ఇక రక్షిత కట్టడాల దగ్గర దొరికిన పెంకును జేబులో వేసుకురావడం నేరం. ఏరుకొస్తే అది ఏ మట్టిపొరలోదో తెలియకుండా పోతుంది, చరిత్రకు నష్టం.

ఎక్కడ పెట్టాలి? పర్షియాలోని అర్దబిల్ దర్గాకు 1611లో ఆ దేశపు రాజు షా అబ్బాస్ వెయ్యికి పైగా చైనా పాత్రలు ఇచ్చినప్పుడు వాటి కోసం గోడల నిండా గూళ్లున్న గదిని సిద్ధం చేశారు. మన పాత మిద్దె ఇళ్ల గోడల్లో దీపానికీ, పుస్తకాలకూ గూళ్లు ఉండనే ఉన్నాయి. సున్నం వేసిన గూట్లో ఒక్క నీలి పళ్లెం నిలబెడితే కనిపించే తీరు, పది వస్తువులు కుక్కిన అద్దాల అలమారలో కనిపించదు. గూడు లేకపోతే వంటింట్లో చేతికి అందే అరుగు చాలు; పిల్లి తిరిగే ఇల్లయితే మాత్రం అంచున పెట్టవద్దు. పళ్లాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్య కాగితం పెట్టండి, అడుగు గరుకు కింది పళ్లెం పూతను గీస్తుంది. పావగడ బోరు నీళ్లు చవుడు. కడిగి వదిలేస్తే తెల్లటి మరకలు కడతాయి. తుడిచి ఆరబెట్టాలి. మరక పడితే నిమ్మరసం రాసి, కాసేపాగి కడిగేయాలి, స్టీలు పీచు ముట్టించకూడదు. బంగారు అంచు ఉన్నవాటికి పులుపు వద్దు, ఆ అంచు గాజుపూత మీద వేసింది, పోతుంది.

కూడబెట్టడమే సేకరణ అనుకునేవాళ్లు నిజాం కొలువులో దివానుగా చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్‌ను చూపిస్తారు. ఆయన జీవితమంతా కొన్నది హైదరాబాదు దివాన్ దేవిడీలో, అంటే సొంత ఇంట్లోనే, పోగుపడింది. 1949లో ఆయన పోయాక, 1951లో ఆ ఇంట్లోనే మ్యూజియం తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. అంతటి దివాణం కూడా ఆ వస్తువులకు చాలలేదన్నమాట. మనకు ఆయన దారి పనికిరాదు గాని, ఆయన కొన్నవి చూస్తే మన కన్ను బాగుపడుతుంది. మంచి గీతకూ అచ్చు గుద్దిన బొమ్మకూ తేడా అక్కడ చైనా పింగాణీ ముందు నిలబడితే తెలుస్తుంది. ఏదైనా కొనే ముందు ఒకసారి వెళ్లి రండి. హిందూపురంలో రైలెక్కితే కాచిగూడలో దిగవచ్చు. శుక్రవారం మ్యూజియానికి సెలవు.