చార్జింగ్ లైటు: డబ్బా మీది గంటలు వేరు, పొలంలో వచ్చే గంటలు వేరు

ఈసారి వీడియోలో కషాయాలు లేవు, జీవామృతం లేదు. రెండు చార్జింగ్ లైట్లను ఫుల్‌గా చార్జ్ చేసి, ఆరిపోయేదాకా వెలిగించి, వెలుతురు ఎంతెంత తగ్గుతుందో కొలిచి చూపించాం. ప్రకృతి వ్యవసాయానికి, దీనికి సంబంధం ఏందని కొందరు అడుగుతారు. సంబంధం ఆచ్ఛాదన దగ్గరే ఉంది. మనం మొక్కల మొదట్లో గడ్డి, ఆకులు పరుస్తాం. దాని కింద తేమ నిలుస్తుంది, వానపాములు పెరుగుతాయి. ఎలుకలు, కప్పలు కూడా అక్కడికే చేరతాయి. వాటి వెనకాల పాములు వస్తాయి. ఆచ్ఛాదన మానేయమని చెప్పను, రాత్రిపూట దాని మీద అడుగు వేసే ముందు సరిగా కనబడాలి అంటున్నాను.

ముఖ్యంగా కట్లపాము. అది తిరిగేదే రాత్రి. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు ఉంటాయి, తడి గడ్డిలో పడుకుంటే మసక వెలుతురులో కనబడదు. కాటు కూడా చాలాసార్లు పెద్దగా నొప్పి పెట్టదు, చీమ కుట్టిందేమో అనుకొని పనిలో పడేవాళ్లున్నారు. కొన్ని గంటలకు కనురెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది, ఊపిరి అందదు. అనుమానం వచ్చినా సరే, కాటు దగ్గర కోయకుండా, గట్టిగా కట్టకుండా, కాలు కదపనీయకుండా 108కి ఫోన్ చేసి, పాము విషానికి మందు ఉండే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మన దిక్కున వరంగల్ ఎంజీఎం అందరికీ తెలిసిందే.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనంక, అర్ధరాత్రి మోటరు వేయడానికి లేచిపోవడం బాగా తగ్గింది. కానీ మక్కచేనుకు అడవి పందుల కావలి ఉంది, మిర్చి కల్లం కాడ పడుకోవడం ఉంది, ఏనుమాముల మార్కెట్‌కు తెల్లారేసరికి చేరాలని రాత్రే బస్తాలు ఎత్తడం ఉంది. లైటు అవసరం పోలేదు.

ఇక డబ్బా సంగతి. టార్చిలైట్ల కోసం అమెరికాలో 2009లో ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం స్విచ్ వేసిన 30 సెకన్ల దగ్గర వెలుతురు ఎంతో చూస్తారు. అది పదో వంతుకు పడిపోయేదాకా పట్టిన సమయమే రన్ టైమ్. అంటే పద్ధతిగా కొలిచిన కంపెనీ "6 గంటలు" అని రాసినా, ఆరో గంటలో మీ చేతిలో ఉండేది పది శాతం వెలుతురే. ఎంత దూరం పడుతుందనేదీ అట్లాంటి లెక్కే: వెలుతురు 0.25 లక్స్, అంటే పున్నమి వెన్నెలంత మిగిలే దూరాన్ని రాస్తారు. ఇక ఏ ప్రమాణం పేరూ లేకుండా ఊరికే గంటలు అచ్చేసే డబ్బాలను నమ్మడానికి అసలు ఆధారమే లేదు.

మేం చేసిన పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. చీకటి గదిలో లైటును స్టూలు మీద కదలకుండా పెట్టాలి. సరిగ్గా ఒక మీటరు దూరంలో ఫోన్ పెట్టి, లక్స్ మీటర్ యాప్ తెరవాలి. ఫోన్ పైభాగంలో వెలుతురు సెన్సర్ ఉంటుంది, కాంతి మధ్య భాగం దాని మీదే పడాలి. పావుగంటకోసారి అంకె రాసుకోవాలి. ఫోన్ చూపే అంకె ఖచ్చితం కాకపోయినా నష్టం లేదు, మనకు కావలసింది మొదటి అంకెలో ఎంత వంతు మిగిలిందన్నదే. కంటితో మాత్రం అంచనా వేయొద్దు. వెలుతురు మెల్లగా తగ్గుతుంటే కన్ను అలవాటు పడిపోతుంది, సగం పోయినా తెలియదు.

మొదటిది సీసం బ్యాటరీ ఉన్న పెద్ద లైటు, డబ్బా మీద 6 గంటలు. మొదట్లో 1,600 లక్స్. గంటకు 1,100. గంటా 50 నిమిషాలకే సగం, 800. ఐదో గంటకు 160. దూరం లెక్కలో చూస్తే మొదట 80 మీటర్లు పడేది, సగానికి వచ్చేసరికి 56, ఐదో గంటకు 25. వెలుతురు పదో వంతుకు పడితే దూరం మూడో వంతు దగ్గర ఉంటుంది, అందుకే ఇంకా బాగానే ఉందనిపిస్తుంది. అయితే ఇదంతా మధ్యలో పడే గుండ్రటి కాంతి సంగతి. దాని చుట్టూ ఉండే పలచటి వెలుతురు ముందే పోతుంది. మన కాలి పక్కన పాము ఉండేది ఆ పలచటి వెలుతురులోనే.

రెండోది చిన్నది, లోపల ఒక 18650 లిథియం సెల్లు, 2,600 ఎంఏహెచ్. డబ్బా మీద 8 గంటలని ఉంది. అది తక్కువ వెలుతురు మోడ్‌కు రాసింది, ఎక్కువ వెలుతురులో కాదు. ఎక్కువలో పెడితే ఒక ఆంపియర్ దాకా తాగుతోంది. 2,600ని 1,000తో భాగిస్తే రెండున్నర గంటలు దాటి కొంచెం. మాకు వచ్చింది 2 గంటల 35 నిమిషాలు. అప్పటిదాకా వెలుతురు పెద్దగా తగ్గలేదు, తర్వాత టక్కున ఆరిపోయింది. సెల్లు మరీ ఖాళీ కాకుండా లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. సెల్లుకు అది మంచిదే, చేను నడుమ ఉన్న మనిషికి మాత్రం కాదు. సీసం లైటు మెల్లగా మసకబారి ఇంటికి పొమ్మని చెప్తుంది, ఇది చెప్పదు. అయినా నా ఓటు రెండోదానికే, జేబులో ఇంకో చిన్న లైటు ఉంటేనే.

విడిగా సెల్లు కొనేటప్పుడు జాగ్రత్త. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో మంచి సెల్లు సాధారణంగా 2,000 నుంచి 3,500 ఎంఏహెచ్ వరకే ఉంటుంది. 9,900 అని రాసి ఉన్నది దొరికితే అక్కడే వదిలేయండి. మంచి సెల్లు 45 గ్రాముల దగ్గర తూగుతుంది, విత్తనాలు తూచే చిన్న కాటా మీద పెట్టినా తేలికది బయటపడుతుంది. ఉబ్బిన సెల్లును మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు.

సీసం బ్యాటరీని ఖాళీగా నెలల తరబడి మూలన పడేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి చార్జ్ పట్టదు. వానాకాలం అయిపోయి అటక మీద పెట్టిన లైటు యాసంగికి పనిచేయకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. నెలకోసారి ఫుల్ చార్జ్ చేయాలి. లిథియం దానికి ఆ బాధ తక్కువ, సగం చార్జ్‌తో నీడలో పెడితే చాలు. ఎండలో స్టార్టర్ డబ్బా మీద వదిలేస్తే మాత్రం వేడికి త్వరగా పాడవుతుంది.

మా రెండు లైట్ల మీద ఇప్పుడు టేపు అంటించి, సగానికి పడే సమయం, ఆరిపోయే సమయం, పరీక్ష చేసిన తేదీ రాసి పెట్టాం. బ్యాటరీ ఏటికేడు తగ్గుతుంది కాబట్టి యాసంగి మొదట్లో మళ్లీ కొలిచి ఆ అంకెలు మారుస్తాం. గంటా 50 నిమిషాలది పశువుల కొట్టం కాడ ఉంటుంది. చేనుకు పోయేటప్పుడు చిన్నది.