నవోదయ పరీక్ష: తేలిక లెక్కలోనే తికమక

పెద్దాపురం, పెదవేగి జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశపరీక్షలో అంకగణితానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు. సమయం 30 నిమిషాలు. ఒక్క ప్రశ్న తప్పినా 1.25 మార్కులు పోతాయి. సీటు చేజారడానికి ఆ తేడా చాలు.

లెక్క వచ్చిన పిల్లలూ ప్రశ్న సరిగా చదవక తప్పుతుంటారు. 100 మీటర్ల కాలువగట్టుపై రెండు చివరలతో సహా 10 మీటర్లకొకటి చొప్పున నాటేందుకు కొబ్బరి మొక్కలు ఎన్ని కావాలి? 100ను 10తో భాగించి 10 అనేస్తారు. ఆప్షన్లలో అదీ ఉంటుంది, చిక్కంతా అక్కడే. 10 అనేది ఖాళీల సంఖ్య. మొక్కలు 11.

సూత్రం బట్టీ పట్టించే బదులు తల్లిదండ్రులు 20 మీటర్ల గట్టును కాగితంపై గీయించాలి. మూడు మొక్కలు, రెండు ఖాళీలు కంటికే కనిపిస్తాయి. కాగితం లేకున్నా ఫర్వాలేదు, చేతికి ఐదు వేళ్లు, వాటి మధ్య సందులు నాలుగే.