లెక్క సరే, తెర సంగతేంటి?

సన్నబియ్యం తినేవాళ్లకు బీపీటీ 5204 అంటే పరిచయం అక్కర్లేదు. ఆ సాంబ మసూరి బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైంది. అక్కడి వ్యవసాయ కళాశాల వయసు ఇంకా ఎక్కువ, 1945 నాటిది. ఒక వంగడం బయటికి రావాలంటే ముందు మడుల్లో పోటీ పడాలి. దిగుబడిలో కనిపించిన తేడా నిజమైనదా, కాకతాళీయమా అన్నది గణాంకాలు తేల్చాలి. ఒకప్పుడు క్యాలిక్యులేటర్ మీద గంటలు పట్టిన ఆ లెక్క సాఫ్ట్‌వేర్‌కు క్షణం పని. చిక్కల్లా ఆ క్షణం దాకా చేరడమే.

ఎక్సెల్‌లో పెరిగిన చేయి ఆర్‌స్టూడియో తెరవగానే తడబడుతుంది. నింపడానికి గళ్లుండవు. తెర ముక్కలై ఉంటుంది: ఎడమవైపు పైన ఆదేశాలు రాసుకునే చోటు, కింద అవి నడిచే కన్సోల్, కుడివైపు పైన ఎక్కించిన డేటా పేర్లు, కింద గ్రాఫులు. దీని వెనకున్న గణాంక భాష ‘ఆర్’ను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో తయారుచేశారు. ఉచితమే, కానీ మొహమాటం ఎరగదు. క్యాపిటల్ ఉండాల్సిన చోట చిన్న అక్షరం కొడితే ఒప్పుకోదు. బ్రాకెట్ మూయడం మరిచిపోతే కన్సోల్‌లో కూడిక గుర్తు ప్రత్యక్షమవుతుంది. ఎంటర్ ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ అదే. కంప్యూటర్ మొరాయించిందనిపిస్తుంది. ఎస్కేప్ నొక్కితే చాలు.

ఇవన్నీ వాడగా వాడగా అలవాటయ్యేవే. భయపడాల్సింది ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించినప్పుడు కాదు, ఏమీ అనకుండా జవాబిచ్చేసినప్పుడు.

ఆరు వరి రకాలు, నాలుగు రెప్లికేషన్లు, అంటే ఒక్కో రకం నాలుగేసి మడుల్లో, అనుకోండి. మొత్తం 24 మడులు. నోటుపుస్తకంలో రకానికో వరుస, రెప్లికేషన్‌కో కాలమ్ వేసుకుంటాం. ‘ఆర్’కు మడికో వరుస కావాలి, అంటే 24 వరుసలు. పైగా రకాలకు 1 నుంచి 6 దాకా అంకెలిచ్చి ఊరుకుంటే వాటిని కొలతలనుకుంటుంది. అవి పేర్లేనని, ‘ఫ్యాక్టర్’ అని, విడిగా చెప్పాలి. చెప్పామో లేదో రకాల మధ్య తేడాను పరీక్షించే అనోవా పట్టికే పట్టిస్తుంది: రకాల ఎదురుగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5 ఉండాలి. 1 కనిపిస్తే ఆ ఫలితం చెత్తబుట్టకే.

మెనూలతో నడిచే ఎస్‌పీఎస్‌ఎస్ కాస్త మెతక. అడుగున రెండు ట్యాబులు, ఒకదాంట్లో డేటా, రెండోదాంట్లో కాలమ్‌ల వివరాలు. కొత్తవాళ్లు రెండోదాని వైపు చూడనే చూడరు.

ఏ తెరా చెప్పలేనివీ ఉంటాయి. జిల్లాల వారీ సాగు లెక్కలే చూడండి. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ ఒకప్పుడు గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అటు వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లా పేరుతో పివట్ టేబుల్ వేస్తే గుంటూరు వరి సాగు ఉన్నట్టుండి పడిపోయినట్టు కనిపిస్తుంది. పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అలాంటప్పుడు మండలాల వారీగా కూడుకోవాలి.

అందుకే కొత్త సాఫ్ట్‌వేర్ పట్టేవాళ్లు కొత్త డేటాతో మొదలుపెట్టకండి. ఇదివరకే తేల్చిన పాత లెక్క ఒకటి ఎక్కించి, సీడీ (క్రిటికల్ డిఫరెన్స్) విలువ దశాంశాలతో సహా కలిసేదాకా థీసిస్ డేటా జోలికి పోకండి.