గాజుతొట్టిలో మోడు – ఎఱ్ఱబాఱిన నీరు



హైదరాబాదున మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు ఉద్యోగములు చేయు మన బిడ్డలు గాజుతొట్లలో చేపలను పెంచుచు, అందమునకై ఎండుమోడు నుంచుచున్నారు. కొలదిదినములకు నీరు తేనీటివలె ఎఱ్ఱబాఱగా, విషమని బెదరి నీరంతయు ఒక్కసారి పాఱబోయుదురు. నీటి గుణమును వేడిమియు హఠాత్తుగ మాఱుటయే చేపలకు ప్రాణాంతకము, రంగు గాదు.

ఆ రంగు టానిను అను వగరు పదార్థమువలన గలుగును. తోళ్లు పదునుచేయుటకు తంగేడుచెక్క, తుమ్మచెక్క వాడుట మీరెఱిగినదే. అచ్చట పనిచేయునదియు నిదియే. ఇది నీటికి కొంచెము పులుపు గుణము నిచ్చును. సున్నముపాలు హెచ్చుగాగల బోరునీటిలో నా మార్పు స్వల్పము.

నీరు తేటగానుండి, దుర్వాసన లేక, చేపలు మేత మేయుచున్నచో భయములేదు. నీరు కలకబాఱి, కంపుకొట్టి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెఱచుచున్నచో కుళ్లు పుట్టినదని యెంచి మోడును వెంటనే తీయవలెను.

చేయవలసిన పనులు:

1. పాలు, జిగురు కాఱు పచ్చికొయ్యయు, మురుగుచెరువులలో దొరకినదియు, పురుగుమందు తగిలినదియు కూడదు. చేవగల ఎండుకొయ్య మేలు.

2. బెరడు ఒలిచి, రెండుగంటలు ఉడికించి, ఒకటి రెండు వారములు నానవేసి, దినదినము నీరు మార్చవలెను.

3. పిదప తొట్టిలో వారమునకు నాలుగవవంతు నీరు మాత్రమే మార్చవలెను. కుళాయినీటిని క్లోరిను పోవునట్లు ఒకదినము వెడల్పు పాత్రలో నిలువయుంచి పోయవలెను.

4. రంగు నచ్చనివారు వడపోతలో ఆక్టివేటెడ్ కార్బను అను బొగ్గు నుంచవలెను.

తీసిన నీటిని పూలమొక్కలకు పోయవచ్చును. ఈ సంగతులను పట్టణమందలి తమ బిడ్డలకు తెలుపవలెనని సభ్యులను కోరుచున్నాము.