చట్రం దాటిన దృశ్యం: చిత్రలేఖనం నుంచి వీడియోగేమ్ ప్రకృతిదృశ్య రూపకల్పనకు

వ్యాససంగ్రహం: చిత్రలేఖనంలో శిక్షణ పొందినవారు వీడియోగేములలో కొండలు, అడవులు, దారులు రూపొందించే పనిలోకి వచ్చినప్పుడు వారి విద్యలో ఏది వెంట వస్తుంది, ఏది విడిచిపెట్టవలసివస్తుంది అనే అంశాన్ని మూడు గేముల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రకృతిదృశ్యం, చట్రం, దూరవర్ణం, వీడియోగేమ్, కళాశిక్షణ.

1. ఉపోద్ఘాతం

ప్రకృతిదృశ్య చిత్రకారుడు మొదట చేసే పని ఎంపిక. ఎక్కడ నిలబడాలి, ఏ వేళ చూడాలి, దేనిని చట్రంలోకి తీసుకోవాలి, దేనిని వదలాలి అన్నవి కుంచె తడపకముందే జరిగిపోయే నిర్ణయాలు. చూసేవారు ఆ నిర్ణయాలకు లోబడి చిత్రం ముందు నిలుస్తారు. వీడియోగేములో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. ఎక్కడ నిలవాలో, ఎటు తిరగాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. చిత్రంలో అవతలివైపు అంటూ లేని కొండకు ఇక్కడ అవతలివైపు కూడా ఉండాలి. అతడు అక్కడికీ వెళ్తాడు. అందువల్ల ఈ మార్పును కుంచె వదిలి మౌస్ పట్టడంగా మాత్రమే చూడటం సరికాదు. సాఫ్ట్‌వేర్ కొన్ని నెలల్లో అలవడుతుంది. దృష్టికోణంపై అధికారాన్ని వదులుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది.

2. ఒక పూర్వోదాహరణ

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఇటువంటి ప్రయాణమే ఒకటి జరిగింది. విలియమ్ కెంట్ (సుమారు 1685–1748) 1709 నుంచి పదేళ్లు ఇటలీలో ఉండి చిత్రలేఖనం అభ్యసించాడు. చిత్రకారుడిగా అతనికి దక్కిన స్థానం గొప్పది కాదు. తోటల రూపకర్తగా మాత్రం చరిత్రలో నిలిచాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని రౌషమ్‌లో 1730ల చివర అతను తీర్చిన తోటలో నడిచేవారికి మలుపు మలుపుకూ ఒక దృశ్యం ఎదురవుతుంది. ఏ ఒక్క చోటి నుంచీ అన్నీ కనబడవు. తోట సరిహద్దుకు ఆవల, పొలాల మధ్య మిట్టమీద మూడు కమానుల ఉత్తుత్తి శిథిలమొకటి లేచింది. దూరం నుంచి చూపును లాగడం తప్ప దానికి మరో పని లేదు. నేటి గేములలో ఆనవాలుగా నిలిపే గోపురాలకు దానిని పూర్వరూపంగా భావించవచ్చు. తోటకు సహజత్వం రావాలని కెంట్ ఎండుచెట్లను కూడా నాటించాడని హొరేస్ వాల్‌పోల్ రాశాడు. చిత్రకారుడి అలవాట్లు అంత తేలిగ్గా పోవు.

3. దూరవర్ణం: ‘ఫైర్‌వాచ్’

కాంపో శాంటో సంస్థ 2016లో విడుదల చేసిన ‘ఫైర్‌వాచ్’ ఈ చర్చకు చాలా ఉపయోగపడుతుంది. 1989 నాటి వ్యోమింగ్ అడవిలో అగ్నిప్రమాదాలను కనిపెట్టే కావలిమనిషి కథ ఇది. దృశ్యశైలికి మూలం చిత్రకారుడు ఆలీ మాస్ వేసిన బొమ్మలు; వాటి వెనుక 1930లలో అమెరికా జాతీయోద్యానాల కోసం అచ్చువేసిన పోస్టర్ల ప్రభావం ఉంది. ఆ పోస్టర్లలో ఒక్కొక్క కొండవరుస ఒక్కొక్క చదునైన రంగు. దగ్గరిది ముదురు, దూరమయ్యేకొద్దీ లేత. దూరపు కొండలు నునుపు అన్న మన సామెతను కాగితంమీద పరిచినట్టుంటాయి.

ఆ చదును బొమ్మను నడవదగిన నేలగా మార్చే బాధ్యత జేన్ ఎన్‌జీది. సమస్య స్పష్టమే. పోస్టరులో నీలం పూసిన కొండ ఎప్పటికీ నీలమే. ఆటగాడు నడిచి ఆ కొండ దగ్గరికి చేరితే అది నీలంగా ఉండకూడదు. కొండకే రంగు పూసినంతకాలం దీనికి పరిష్కారం లేదు. కనుక ఆ రూపకర్తలు రంగును దూరానికి ముడివేశారు. దగ్గర నుంచి దూరం వరకు వరుసగా మారే ఒక రంగుల పట్టీని ముందే తయారుచేసుకుని, కెమెరాకు ఏ వస్తువు ఎంత దూరంలో ఉంటే పట్టీలో ఆ చోటి రంగును పొగమంచులా దానిపై కప్పేటట్లు చేశారు. ఉదయానికి ఒక పట్టీ, సాయంత్రానికి మరొకటి. ఆటగాడు కదిలినప్పుడల్లా చిత్రం తనను తాను తిరిగి వేసుకుంటుంది. ఇక్కడ చిత్రకారుడి వర్ణజ్ఞానం వ్యర్థం కాలేదు. బొమ్మ వేసే చేతి నుంచి బొమ్మను పుట్టించే నియమంలోకి మారింది. చిత్రకళా నేపథ్యం ఉన్నవారికి ఈ రంగంలో నిజంగా లభించే అవకాశం ఇదేనని చెప్పాలి. పట్టీలో ఏ నీలం పక్కన ఏ నారింజ రావాలో యంత్రానికి తెలియదు.

4. మరుగు, వెల్లడి: ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’

నింటెండో 2017లో తెచ్చిన ఈ గేమ్ సమస్యను మరో వైపు నుంచి చూసింది. దీని రూపకర్తలు అదే ఏడాది జపాన్‌లో జరిగిన ‘సెడెక్’ సమావేశంలో తమ త్రిభుజ సూత్రాన్ని వివరించారు. కొండలు, గుట్టలు, బండలు అన్నీ మూడు పరిమాణాల త్రిభుజాలు. పెద్దవి ఆనవాళ్లు; మధ్యస్థమైనవి చూపుకు అడ్డు; చిన్నవి నడకకు లయ. ఎదురైన గుట్టను ఎక్కాలా, చుట్టి వెళ్లాలా అన్నది ఆటగాడి ఇష్టం. ఎటు వెళ్లినా అంతవరకు మరుగున ఉన్నది కొంచెం కొంచెంగా బయటపడుతుంది. త్రిభుజాకార కూర్పు చిత్రకళలో చిరపరిచితమే. అక్కడ అది చూపును చట్రంలో నిలుపుతుంది, ఇక్కడ ముందుకు నడిపిస్తుంది. వెలుగు కూడా చిత్రకారుడి చేతిలో ఉండదు. ఈ గేములో ఒక పూర్తి దినం 24 నిమిషాల్లో గడిచిపోతుంది. బలహీనమైన మూలను నీడతో కప్పే పాత ఉపాయం పది నిమిషాలు కూడా నిలవదు.

5. నీటిరంగులు నిలిచినచోట: ‘డోర్డోన్’

2023లో వచ్చిన ఫ్రెంచి గేమ్ ‘డోర్డోన్’ చేతిపనిని వదులుకోలేదు. సెడ్రిక్ బబూష్ నేతృత్వంలో కాగితంపై వేసిన నీటిరంగుల చిత్రాలను స్కాన్ చేసి త్రిమితీయ ఆకారాలపై పరిచారు. రంగు పాకిన అంచులు, కాగితపు గరుకు కూడా తెరపై కనిపిస్తాయి. దీనికి చెల్లించిన మూల్యం కెమెరా. ఆటగాడు దానిని ఇష్టం వచ్చినట్లు తిప్పలేడు. కోణాన్ని కళాకారుడే నిర్ణయించాడు. కుంచె గుర్తు ఎంత నిలిస్తే చూపు స్వేచ్ఛ అంత తగ్గుతుందన్నది ఈ గేమ్ చూపే లెక్క. దీనిని లోపంగా పరిగణించనక్కరలేదు. జ్ఞాపకాలను తవ్వుకునే కథకు ఆ నిలకడ తగినదే.

6. శిక్షణ

ఈ పరిశ్రమలో ఊహాచిత్రం వేసే కాన్సెప్ట్ ఆర్టిస్టు, దానిని నేలగా కట్టే ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టు వేర్వేరు. చిత్రకళా విద్యార్థులు సహజంగా మొదటి పనివైపు మొగ్గుతారు. వారు ఒక కోణం కోసం చేసిన గారడీలన్నీ రెండవవారికి చిక్కులవుతాయి. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రవిద్య కోరిన వజ్రునితో, నృత్తం తెలియనివారికి చిత్రం తెలియదని మార్కండేయుడు చెబుతాడు. కదలిక తెలియనిదే నిశ్చలరూపం పట్టుబడదన్న ఆ భావాన్ని అలంకారప్రాయంగా ఉదహరించి వదలడం పరిపాటి. ఇక్కడ అది పాఠ్యప్రణాళికకు సంబంధించిన మాట. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం, శిల్పం, యానిమేషన్, వాస్తువిద్య ఒకే సంస్థలో ఉన్నాయి. అటువంటి చోట్ల కొత్త సాఫ్ట్‌వేర్ కొనకముందే చేయదగిన అభ్యాసం ఒకటుంది. చిత్రలేఖన విద్యార్థి తాను వేసిన దృశ్యాన్ని శిల్పవిభాగంలో మట్టితో కట్టాలి. తన కూర్పు ఏ వైపు నుంచి చూస్తే చెదిరిపోతుందో వెతకాలి. ఆ వైపున కూర్చుని, మట్టిని అవసరమైనంత మార్చి, రెండో చిత్రం వేయాలి. మొదటి చిత్రం చెడకుండా రెండోది కుదిరేవరకు మట్టి ఆరనివ్వకూడదు.